నాలుగో చక్రానికి పసుపు

ఏడో తరగతిలో లెక్కల సారు నన్ను నిలబెట్టి, నీకు చేతివేళ్లెన్నిరా అని అడిగితే ఐదు అని చెప్పినవాణ్ని నేను. రెండో చెయ్యి జేబులో ఉంది మరి. కనబడనిదాన్ని ఎట్లా లెక్కపెట్టేది? ఆ ఏడాదితోనే బడికీ నాకూ తెగిపోయింది. ఇద్దరిలో బడికే ఎక్కువ సంతోషమైందని మా నాయన అంటుండేవాడు.

ఇప్పుడు గగన్‌పహాడ్‌లో హైవే వెనక సందులో నాకొక రేకుల షెడ్డు ఉంది. కొండలకూ ఎడారులకూ పోయే ఫోర్ బై ఫోర్ బండ్లను అక్కడ తయారు చేస్తాను. నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే బండి కొనుక్కుంటే సరిపోదు. దానికి గట్టి స్ప్రింగులు కావాలి, మట్టిలో పట్టు దొరికే టైర్లు కావాలి, పొట్ట కింద రాయి తగిలితే కాపాడే ఇనుప పలక కావాలి. నీళ్లకు ట్యాంకు, డీజిలుకు క్యాన్లు, రెండో బ్యాటరీ, ఇట్లా చాలా. అన్నీ నేనే బిగిస్తాను, ఒక్కణ్నే.

లెక్క మీద నమ్మకం లేనివాడు గుర్తు మీద బతకాలి. అందుకని నాకొక పద్ధతి ఉంది. చక్రం నట్టును లెక్క ప్రకారం బిగించడానికి ఒక పొడుగాటి పానా ఉంటుంది. చాలినంత బిగియగానే టిక్కుమంటుంది. ఆ టిక్కు వినబడగానే నట్టు మీద పసుపుపచ్చ పెయింటుతో అడ్డంగా ఒక గీత గీస్తాను. గీత ఉంటే బిగించినట్టు, లేకపోతే లేనట్టు. బండి బయటికి పోయే ముందు చుట్టూ తిరిగి నాలుగు చక్రాల మీదా బొటనవేలు ఆనించి చూస్తాను. ఇన్నేళ్లలో నా తలకాయ నన్ను చాలాసార్లు మోసం చేసింది గానీ పచ్చగీత ఎప్పుడూ చెయ్యలేదు. ఆ ఒక్క రోజు తప్ప.

ఆ బండి ఇద్దరిది. భార్య బ్యాంకులో పనిచేసి రిటైరైంది, భర్త ఏదో ఆఫీసులో. గోదావరి వైపు వాళ్లు, ముప్పై ఏళ్లుగా ఇక్కడే. శంషాబాద్‌లో అపార్ట్‌మెంటు. మొదటిరోజు నేను మగమనిషిని చూసి, బండి ఎట్లా నడుపుతరు సార్, క్లచ్ గట్టిగ ఉండాల్నా మెత్తగ ఉండాల్నా అని అడిగాను. ఆయన తన వేలితో భార్యను చూపించాడు. నడిపేది ఆమె అట. ఆయన పని మ్యాపు చూడటం, ఫ్లాస్కులోంచి టీ పొయ్యటం. నాకది మొదటి షాకు.

రెండోది వాళ్లు పోయే చోటు. స్పితి లోయ, అక్కణ్నించి లడఖ్, అక్కణ్నించి ఇంకా అవతల ఉప్పునీళ్ల చెరువులున్న ఎత్తుమీది మైదానాలు. రోజంతా నడిపినా పెట్రోలు బంకు తగలదట. పంచరైతే మనిషి జాడ ఉండదట. అరవై దాటినవాళ్లు తిరుపతికి పోతారు, కాశీకి పోతారు. వీళ్లేందిరా నాయనా, దేవుడికి కూడా సిగ్నల్ అందని చోటుకు పోతామంటున్నారు అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను కూడా. నా నోరు అట్లాంటిది, మనసులో ఏదీ నిలవదు.

మేడం నవ్వలేదు. నాలుగు కాగితాల లిస్టు తీసి బల్ల మీద పెట్టింది. నంబర్లు, పక్కన టిక్కు పెట్టడానికి గడులు. డీజిల్ ఫిల్టరు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టం, ఇంజిన్ ఆయిలు, అన్నీ అదనంగా. మూడో కాగితం అడుగున చక్రం నట్లు, ఆరు.

“నట్లేమన్న మామిడి పిందెలా మేడం, గాలొస్తే రాలనీకి?” అన్నాను.

ఆమె పెన్ను తీసి ఆరు కొట్టేసి పన్నెండు అని రాసింది.

మూడు వారాలు పట్టింది. స్ప్రింగులు మార్చాను. వెనక సీటు తీసేసి చెక్కతో అరలు కట్టాను. నదులు దాటేటప్పుడు ఇంజినులోకి నీళ్లు పోకుండా గాలిగొట్టం పైకి తీసి కప్పు దాకా లేపాను. చిన్న ఫ్రిజ్ పెట్టాను, సారుకు ఇన్సులిన్ ఉంది. ఆ ఫ్రిజ్ నడవడానికే రెండో బ్యాటరీ. సామాన్లన్నీ నింపి ధర్మకాంట మీదికి తీసుకుపోయి తూకం వేయించాం. కంపెనీ చెప్పిన బరువు కంటే ముల్లు చాలానే పైకి పోయింది. నేను రాసుకున్న లెక్క ప్రకారం అంత రాకూడదు. నా లెక్క సంగతి తెలుసు గనక నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మేడం మాత్రం ఒక్కొక్క అరా తెరిపించి చూసింది. ముందు సీటు కింద, పాత చీరలో చుట్టి, ఒక రాతి రోలు, దాని పొత్రం ఉన్నాయి.

అది పెట్టింది, సామాన్లు సర్దిన రోజు వాళ్లతో షెడ్డుకు వచ్చిన పెద్దావిడ. సారుకు తల్లి. ఎనభై దాటిన మనిషి, బక్కగా, చేతికర్ర లేకుండా నడుస్తుంది. కొండల్లో పచ్చడి ఎలా నూరుకుంటారమ్మా మీరు అని కోడల్నే తిరిగి అడిగింది. కోడలు రోలును దింపింది. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. నాకావిడ ఆ రోజే నచ్చింది. నా కంటికి దొరక్కుండా నా షెడ్డులో రోలు దాచిన మనిషి ఇంకెవరూ లేరు.

బయల్దేరే రోజు పొద్దున ముగ్గురూ వచ్చారు. ఇద్దరూ ఇటునుంచి ఇటే వెళ్లిపోతారు. పెద్దావిడను క్యాబ్ ఎక్కిస్తే షాద్‌నగర్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోతుంది. పూజ సామాను ఆవిడే తెచ్చింది. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కొబ్బరికాయ, స్టీలు డబ్బాలో పులిహోర.

నేను అప్పటికి ఆఖరి తనిఖీలో ఉన్నాను. ముందు రెండు చక్రాలు, కుడి వెనక చక్రం, టిక్కు, గీత, టిక్కు, గీత. ఆవిడ కుర్చీ నా పక్కకే లాక్కుని కూర్చుని చూస్తోంది. కాసేపు చూసి అడిగింది.

“ఏం నాయనా, ఒక్కో నట్టుకీ విడివిడిగా పసుపు పెడుతున్నావా?”

పెయింటమ్మా అది అని చెబితే అయిపోయేది. రెండు మాటలు. కానీ అంత మంచి అవకాశం దొరికితే నా నోరు ఊరుకోదు.

“గంతే కదమ్మా. మా షెడ్డుల ప్రతి నట్టూ ఒక దేవుడే. ఒక్కనికి మరిచినా అలుగుతడు.”

ఆవిడ చెప్పులు విడిచి ఆ చక్రానికి దండం పెట్టింది. పనివాడంటే ఇలా ఉండాలి, పనిలోనే భక్తి అని కోడలితో చెప్పింది. మేడం అప్పుడు లిస్టులో టిక్కులు పెట్టుకుంటూ ఉంది, వినిపించుకోలేదు. నేను పానా అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

ఎడమ వెనక చక్రంలో ఆ పొద్దున గాలి కొంచెం తగ్గి ఉంది. ఊడదీసి ఎదురుగా ఉన్న పంచర్ షాపుకు దొర్లించుకుపోయాను. వాల్వు దగ్గర సన్నగా లీకు. సరిచేయించి తెచ్చి ఎక్కించాను. ఆరు నట్లూ చేత్తో తిప్పి, జాకీ దించి, పొట్టి పానాతో కాస్త పట్టించాను. ఇక టిక్కు పానా తెచ్చి గట్టిగా బిగించి గీత గీయాలి. లేచేసరికి సారు పిలిచాడు. ఫ్రిజ్ ఆన్ కావడం లేదట. ఇన్సులిన్ సంగతి కదా, పరుగెత్తాను. చూస్తే ఫ్యూజు ఎగిరింది. ఎందుకు ఎగిరిందా అని వైరు వెంట పోతే చెక్క అర కింద ఒక చోట నలిగి ఉంది. దాన్ని సరిచేసేసరికి అరగంట.

ఈలోగా పెద్దావిడ రాహుకాలం వచ్చేస్తుందని తొందరపెట్టటం మొదలుపెట్టింది. నేను తల బయటికి పెట్టేసరికి బానెట్ మీద స్వస్తిక్, దానికి కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, అన్నీ సిద్ధం.

నా పద్ధతి ప్రకారం చుట్టూ తిరిగాను. దేవుడి ముందు ఒట్టేసి చెబుతాను, ఆ రోజు కూడా తిరిగాను. ముందు ఎడమ, పచ్చగీతలు. ముందు కుడి, పచ్చగీతలు. వెనక కుడి, పచ్చగీతలు. వెనక ఎడమ, పచ్చగీతలు. ఆఖరి దాని మీద బొటనవేలు ఆనిస్తే కొంచెం తడిగా తగిలింది, వేలికి పచ్చగా అంటుకుంది. ఇంకా ఆరలేదన్నమాట అనుకున్నాను. అంతే అనుకున్నాను. ఎప్పుడు గీశానా అన్న ఆలోచన రాలేదు. నాకు నా జ్ఞాపకం కంటే ఆ గీతే నమ్మకం కదా.

మేడం స్టీరింగు ముందు కూర్చుంది. కిటికీ దగ్గరికి పోయి నేనొక ఉపదేశం కూడా చేశాను. “కొత్త టైర్లు మేడం, గుర్రుమంటయి. బండి జర వణికినట్టుంటది. పరేషాన్ గాకున్రి, పాటలనుకోన్రి.”

నిమ్మకాయలు పటపటమని పగిలాయి. బండి సందు తిరిగి హైవే ఎక్కింది. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి, ఊరు చుట్టి, నాగపూర్ దారి పడతారు. పెద్దావిడ రెండు చేతులూ ఎత్తి అది కనబడనంత దాకా నిలబడింది. నాకు మూడు వారాల బరువు దిగినట్టయింది.

క్యాబ్ రావడానికి ఇంకా కాసేపు పడుతుందంటే ఆవిడ పులిహోర డబ్బా తెరిచింది. తిను నాయనా అంది. చేతులు కడుక్కోవడానికి డ్రమ్ము దగ్గరికి పోయాను. అక్కడ బట్టల సబ్బు ముక్క ఉంటుంది, గ్రీజు దానికే పోతుంది. రుద్దుకున్నాను. నురగ ఎర్రగా వచ్చింది.

మొదట రక్తం అనుకున్నాను. ఎక్కడ తెగిందో అని బొటనవేలు అటూ ఇటూ తిప్పి చూశాను. గాటు లేదు. మంట లేదు. నీళ్లు పోసుకుని మళ్లీ చూశాను. బొటనవేలి కొస మాత్రమే ఎర్రగా ఉంది, పారాణి పెట్టినట్టు.

పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుంది. పండగ పూట గడపలకు పసుపు రాసి చేతులు కడుక్కునే మా ఇంటి ఆడవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ని, నాకది తెలియకపోవడమేమిటి? కానీ నేను పూజ పళ్లెం ముట్టుకోలేదు. పులిహోర ఇంకా ముట్టుకోలేదు. ఆ వేలితో నేను ముట్టుకున్నది చక్రాలను. నా పెయింటు సబ్బుకు ఎర్రబడదు. అసలు సబ్బుకు పోనే పోదు, డీజిలు పోసి తుడవాలి.

డ్రమ్ము అంచు పట్టుకున్నాను.

“అమ్మా, మీరు చక్రానికి పసుపు పెట్టిన్రా?”

ఆవిడ ముఖం వెలిగిపోయింది. “ఒక్క చక్రం మరిచిపోయావు నాయనా. నువ్వు లోపల ఫ్రిజ్ పనిలో ఉన్నావు, నిన్ను కదపటమెందుకని నేనే పెట్టేశాను. నువ్వు గీసినట్టే, అడ్డంగా. ఆరింటికీ.”

ఆరింటికీ. ఆ మాట ఇప్పటికీ ఏ పనిలోనో ఉండగా చెవిలో పడుతుంది.

నేను వెంటనే సారుకు ఫోను కొట్టాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మేడంకు కొట్టాను. ఆమె స్టీరింగు పట్టుకుంటే ఫోను ముట్టదు, ఆ నియమం నాకు ముందే చెప్పింది. మళ్లీ సారుకు. మళ్లీ మేడంకు. చేత్తో పట్టించిన ఆరు నట్ల మీద రెండున్నర టన్నుల బండి, లోపల ఇద్దరు మనుషులు, కింద ఔటర్ రింగు రోడ్డు. చక్రం ఊడితే ఏమౌతుందో నాకు తెలుసు. అట్లా అయిన బండ్లు కొన్ని నా షెడ్డుకే వచ్చాయి. వాటిలో మనుషులు రాలేదు.

ఏమైంది నాయనా అని ఆవిడ మూడుసార్లు అడిగిందట, నాకు మొదటి రెండూ వినబడలేదు. చెప్పాను. అది పసుపు కాదమ్మా, పెయింటు అని. గీత ఉంటే బిగించినట్టు అని. నాలుగోది బిగియలేదు అని. దేవుడని చెప్పింది ఊరికే మజాక్‌కు చెప్పినా అని. చెబుతూ చెబుతూ ఏడ్చేశానేమో గుర్తులేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు. నా మొహంలోకి ఒకసారి చూసి, చేతిసంచిలోంచి బటన్ల ఫోను తీసింది. కొడుకు తన ఫోనును నోరు నొక్కి పెట్టినా తల్లి నంబరుకు మాత్రం మోగేట్టు పెట్టుకున్నాడట. ఆవిడ ఒక్క బటన్ నొక్కింది. నేను ఆ ఫోను లాక్కోబోయాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. “నీ గొంతు వింటే నాకే గుండె ఆగేలా ఉంది. నువ్వు చెబితే వాడు కేకేస్తాడు, కోడలు బ్రేకు మీద నిలబడుతుంది. నువ్వుండు.”

అవతల ఎత్తారు. సరిగ్గా అప్పుడు నెత్తిమీద విమానం. రోజూ వంద పోతాయి, మేం తల కూడా ఎత్తం. ఆ రోజు అది రేకుల మీద కూర్చున్నట్టు, పోనే పోలేదు. ఆవిడ ఫోను మీద అరచెయ్యి కప్పి, కళ్లు మూసుకుని, మోత తగ్గేదాకా ఆగింది. నేను ఆ మోతలో నట్లు రాలిపోవడం వింటున్నాను.

తరువాత ఆవిడ చాలా మామూలుగా, కూర ఏం వండుకున్నారని అడిగినంత మామూలుగా అంది.

“ఒరేయ్ నాన్నా, నేను తుమ్మాను.”

అవతల సారు ఏదో అన్నాడు.

“ఔను, మీరు బయల్దేరగానే. ఒంటి తుమ్ము. నాకు మనసేం బాలేదు. అమ్మాయితో చెప్పు, కాలు తీసేసి, మెల్లగా ఎడమ పక్కకు తీసుకుని ఆపమను. గట్టిగా తొక్కొద్దను. ఆపాక దిగి, దూరంగా కూర్చుని మంచినీళ్లు తాగండి. నేను చెప్పేదాకా ఎక్కొద్దు.”

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. చెక్కిలి మీద నరం ఒకటి కొట్టుకుంటోంది, అంతే. ఎంతసేపో తెలియదు. చివరికి, దిగారా, ఇద్దరూ దిగారా అని రెండుసార్లు అడిగింది. అప్పుడు ఫోను నా చేతిలో పెట్టి, ఇప్పుడు చెప్పుకో అంది. పులిహోర డబ్బా మూత పెట్టడానికి ప్రయత్నించి, పెట్టలేక, అట్లాగే ఒళ్లో పెట్టుకుంది.

షాద్‌నగర్ పోవాల్సిన క్యాబ్ అప్పుడే వచ్చింది. దాన్లోనే ఎక్కాం. ఆవిడ వెనక, నేను ముందు, నా ఒళ్లో టిక్కు పానా. క్యాబ్ అతను శంషాబాద్ దాటుతూ, ఔటర్ మీద బండి ఆపనియ్యరన్నా, ఫైన్ ఏస్తరు అన్నాడు. వెనకనుంచి ఆవిడ, నువ్వు పోనీ బాబూ అంది. అతను మళ్లీ నోరెత్తలేదు. నేను కూడా. మూడు వారాల్లో నేను అంతసేపు నోరు మూసుకుని ఉండటం అదే మొదలు.

దూరం నుంచే కనబడింది. ఎడమ అంచున బండి, ఇండికేటర్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. రెయిలింగు అవతల గడ్డిలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు, తల్లి చెప్పినట్టే, చేతిలో నీళ్ల సీసా. వాళ్లను చూశాక క్యాబ్ ఆగకముందే తలుపు తీశాను.

వెనక ఎడమ చక్రం. నట్లు నాలుగే ఉన్నాయి. రెండు లేవు. ఉన్న నాలుగింటిలో ఒకటి మర కొసన, ఇంకొక్క చుట్టు తిరిగితే పడేట్టు వేలాడుతోంది. వేలితో తాకితే తిరిగింది. చక్రం బొక్కలు లోపల కొరికినట్టు అరిగి, ఇనుము మెరుస్తోంది. చెయ్యి పెడితే కాలింది. మిగిలిన నాలుగు నట్ల మీదా దుమ్ము పట్టి, ఆ దుమ్ములోంచి కూడా పసుపు గీత కనబడుతోంది. చక్కగా, అడ్డంగా, నేను గీసినదానికంటే నీటుగా గీసింది ఆవిడ.

నేను అక్కడే కూలబడ్డాను. పక్కనుంచి లారీలు పోతుంటే నేల అదురుతోంది. మేడం వచ్చి నా పక్కన నిలబడింది. తిడుతుంది, కొడుతుంది, కొట్టినా బాగుండును అనుకున్నాను. నేనే బిగించిన ట్యాంకులోంచి గ్లాసుతో నీళ్లు పట్టి తెచ్చింది. ముందు తాగండి అంది. తాగాక, చక్రం వైపు చూస్తూ, చాలా నెమ్మదిగా అంది.

“ఎయిర్‌పోర్టు దారి దాటినప్పటినుంచీ వణుకుతూనే ఉంది. ఆపి చూద్దామా అని ఈయన్ని రెండుసార్లు అడిగాను. మీరు పాటలనుకోమన్నారు కదా అని ఊరుకున్నాను.”

నా రెండు జోకుల్లో ఒకటి చక్రాన్ని వదులు చేసింది, ఇంకోటి ఆ సంగతి వాళ్లకు తెలియకుండా కాపలా కాసింది. నవ్వించానని రోజంతా ఎంత గర్వపడ్డానో!

ఆమె బండి వెనక తలుపు తీసి, అరలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా బయటికి లాగింది. మీద కాగితం అంటించి ఉంది. చక్రం నట్లు, పన్నెండు. నా చేతిలో పెట్టింది. మామిడి పిందెలు గుర్తొచ్చి నేను తల ఎత్తలేకపోయాను. జాకీ పెట్టి లేపి, కొత్తవి రెండు, పాతవి నాలుగు, ఆరూ బిగించాను. టిక్కు. టిక్కు. ప్రతి టిక్కుకూ సారు పక్కన నిలబడి పైకి లెక్కపెట్టాడు. నేనే పెట్టమన్నాను.

అట్లాగే కొండలకు పంపలేదు. ఆ మరలు దెబ్బతిన్నాయి, వాటిని నమ్మకూడదు. ముందు దిగే దారిలో ఔటర్ దిగి, పక్క రోడ్డు వెంట మెల్లగా, నేను వెనక నడుస్తున్నంత నెమ్మదిగా, మళ్లీ షెడ్డుకు తెచ్చాం. చక్రం బిగించే మరలు ఆరూ మార్చాను. చక్రాన్నే మార్చాను. మిగిలిన మూడింటినీ విప్పి మొదటినుంచీ బిగించాను. పెద్దావిడ ఆ రోజు షాద్‌నగర్ పోలేదు. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుని, చివరి గీత దాకా చూసింది. ఈసారి గీతలు తెల్లపెయింటుతో గీశాను. విభూతి అనుకోకున్రమ్మా అని ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. మింగితే గొంతు నొప్పి పుట్టింది, అలవాటు లేదు కదా.

మర్నాడు వాళ్లు బయల్దేరారు. మేడం స్వయంగా పానా పట్టుకుని ఇరవైనాలుగు నట్లూ తనే ఒకసారి టిక్కుమనిపించుకుని మరీ ఎక్కింది. దారిలో రోజూ పొద్దున అదే చేసిందట. ఒక ఫోటో పంపింది. చుట్టూ బూడిదరంగు కొండలు, నీలం చెరువు, మనిషి జాడ లేదు, ఆమె చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని పానాతో ఉంది. దాన్ని చూసిన ప్రతిసారీ నా బొటనవేలు చూసుకుంటాను.

నెల దాటాక బండి తిరిగొచ్చింది. మట్టి కొట్టుకుని, అద్దానికి పగులు పడి, నాలుగు చక్రాలతో. ఆయిలు మార్చడానికి తెచ్చారు, పెద్దావిడ కూడా వచ్చింది. ఒళ్లో మళ్లీ పులిహోర డబ్బా. అందరూ క్షేమంగా కళ్లముందు ఉండేసరికి నాకు ధైర్యమొచ్చింది. ధైర్యమొస్తే నోరూ వచ్చింది.

“అమ్మా, పూజలు చేసే మనిషి, ఆ దినం గంత అబద్ధం ఎట్ల ఆడిన్రమ్మా? మీరు తుమ్మనే లేదు. నేను పక్కనే ఉన్న.”

ఆవిడ డబ్బా మూత తీసి, ఒక ఆకులో పెట్టి, నా చేతికిచ్చింది.

“ఇద్దరం ఆడాం నాయనా. నీది చక్రం ఊడదీసింది, నాది బండి ఆపింది. చెయ్యి కడుక్కుని తిను.”